కిటికీలో లేని మంచు

ఇలులిస్సాత్ రేవు,
21 జూన్ 1999

అబెలోన్ అక్కకి,

తమ్ముడు ఎనోక్ రాసేది. నేను బాగున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో నువ్వు రాస్తే కదా తెలిసేది.

రొయ్యల ఫ్యాక్టరీ మానేశాను. పన్నెండేళ్ళు రొయ్యల తలలు తీసి తీసి, ఇక నా వేళ్ళకే మీసాలు మొలుస్తాయేమో అనిపించింది. ఇప్పుడు ‘ఫ్రెడెరికా’ అనే తెల్ల ఓడలో ఉన్నాను. యాత్రికుల ఓడ. పైన చుక్కాని గదిలో కాప్టెన్ హోల్గర్సన్ పక్కన నిలబడి మంచు చూడటం నా పని. ఎటు దారి ఉందో, ఎటు లేదో చెప్పాలి. మంచు చూసినందుకు జీతమిస్తారక్కా. మన ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ ఈ పని ఊరికే చేస్తున్నాడు.

యాత్రికులు తొంభైమంది. అందరికీ ఒకేరకం పసుపు కోట్లు ఇచ్చారు, తప్పిపోతే లెక్కపెట్టుకోవడానికి. వాళ్ళ మీద బిర్గిట్టె అని ఒక డేనిష్ పిల్ల పెత్తనం. చేతిలో మైకు ఉంటుంది, నిద్రలో కూడా ఉంటుందనుకుంటాను. పొద్దున ఎండ కాస్తే “మన అదృష్టం” అంటుంది. పది గంటలకి మంచు కురిస్తే “ఎంత అదృష్టం” అంటుంది. మొన్న గాలికి భోజనాల గదిలో సూపు గిన్నెలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వలసపోయాయి. అదీ అదృష్టమేనంది. సూపు ఒళ్ళో పడ్డ జర్మనీ పెద్దమనిషి మాత్రం ఒప్పుకున్నట్టు కనపడలేదు.

అసలు సంగతి. జూలై పదిన ఓడ కొండల మధ్య పాయలోకి, మన ఫియర్డ్‌లోకి వస్తుంది. సెర్మియాక్‌లో మూడు గంటలు ఆగుతుంది. యాత్రికులకిచ్చిన కాగితంలో మన ఊరి పేరు కింద ‘మనిషి అడుగు పడని మంచుసీమ’ అని రాసుంది. మరి మన అరవై మూడుమంది ఇన్నాళ్ళూ దేనితో నడుస్తున్నారో కనుక్కోవాలి.

నీ కూతురు సెవెరిన్‌కి మగపిల్లాడు పుట్టాడని ఫ్యాక్టరీలో ఎవరో చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. పేరేం పెట్టారు? బావ పోయినప్పుడు రాలేకపోయాను. వాతావరణం సంగతి నీకు తెలుసు.

నీ తమ్ముడు,
ఎనోక్


సెర్మియాక్,
30 జూన్

ఎనోక్‌కి,

నా మోకాళ్ళు రెండూ ఉన్నాయి. ఎడమది వాన గురించి చెబుతుంది, కుడిది గాలి గురించి. మీ ఓడకి కావాలంటే ఒకటి అద్దెకిస్తాను.

పిల్లాడి సంగతి చెప్పలేదని అలిగావు. వైర్‌లెస్‌లో చెప్పొచ్చు. కానీ పడవల మీదికెళ్ళినవాళ్ళ కబుర్ల కోసం ఇంటింటా ఆ సెట్టు పొద్దుటినుంచీ మోగుతూనే ఉంటుంది కదా. నేను నీతో ఒక మాటంటే అది ఊరందరి కాఫీలో పడుతుంది. అందుకే ఉత్తరం. నేను చెప్పేవి ఊరందరూ వినేవి కావు, నువ్వు చెప్పాల్సింది మాత్రం ఊరందరూ వినాల్సింది. అది తర్వాత.

పేరు తోబియాస్. అంటే నీ బావ తిరిగొచ్చాడు. పోయినవాళ్ళ పేరు పెట్టాక ఆ బిడ్డ ఆ మనిషేనని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సెవెరిన్ వాణ్ణి నాన్న అంటోంది. నేను మా ఆయన అంటున్నాను. మా ఆయన రోజుకి ఆరుసార్లు పక్క తడుపుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఒక్కనాడు గొంతు పెంచనివాడు, ఇప్పుడు పాలు కాస్త ఆలస్యమైతే కుక్కలన్నీ బదులిచ్చేలా అరుస్తున్నాడు. అప్పట్లో మింగినవన్నీ ఇప్పుడు కక్కుతున్నాడని మా వియ్యపురాలు అంటోంది. ఏం మింగాడో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

వాతావరణం సంగతి కూడా నాకు తెలుసు. జనవరిలో ఆ రోజు హెలికాప్టర్ ఎగరలేదన్నావు. అదే రోజు మీ ఇలులిస్సాత్ నుంచే పాస్టర్‌గారు హెలికాప్టర్‌లో దిగి, మా ఆయన్ని సాగనంపి, రెండు గిన్నెల సీల్ మాంసం సూపు తాగి వెళ్ళారు. ఆయన బహుశా వేరే ఆకాశంలోంచి వచ్చి ఉంటారు.

పదో తారీకున తొంభైమందికీ కాఫీ పిలుపు పెట్టాం. ఎవరింటి తలుపూ వెయ్యం. ఒకళ్ళు తాగి లేవగానే ఇంకొకళ్ళు కూర్చోవాలి. ఆడవాళ్ళం పద్నాలుగు కేకులు చేస్తున్నాం. నీకు కేకు తర్వాత. ముందు మీ బావ నీతో మాట్లాడాలి. ఆయనకింకా మాటలు రావు కాబట్టి నువ్వే మాట్లాడాలి. ఏం మాట్లాడాలో నీకు తెలుసు.

అక్క


ఉమ్మన్నాక్ రేవు,
12 జూలై

అక్కా,

ఏం చెప్పమంటావు. మంచు.

ఫియర్డ్ మూతి దగ్గర మంచుకొండలు దారికడ్డంగా కూర్చున్నాయి, చర్చిలో ముందు వరస ముసలమ్మల్లాగా. కదలమంటే కదలవు. వాటి సందుల్లో మంచు పలకలు. కాప్టెన్ దూరదర్శిని దించి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మారుమాట లేకుండా ఓడ తిప్పాడు. నా తల అంత బరువైందని అంతకుముందు నాకూ తెలియదు.

పసుపు కోట్లవాళ్ళు నీరసపడతారనుకున్నాను. చప్పట్లు కొట్టారు. ప్రమాదం తప్పిందట. బిర్గిట్టె మైకు పట్టుకుని నన్ను ముందుకి లాగి, మంచు ఈయన చెవిలో మాట్లాడుతుంది అని చెప్పింది. ఒకావిడ వచ్చి నా చెవితో ఫోటో తీయించుకుంది.

ఊరు చూపించలేకపోయినందుకు వాళ్ళకి విస్కీ పోశారు. అందులోకి వెయ్యేళ్ళ నాటి మంచు కావాలని నన్ను చిన్న పడవలో పంపించారు. దగ్గర్లో ఉన్న గడ్డ కొట్టి తెచ్చాను. నేను వెళ్ళేసరికి దాని మీద ఒక సీల్ పడుకునుంది. అది లేచిపోయింది గానీ, చాలాసేపటి నుంచీ అక్కడే కాపురమున్నట్టు గుర్తులు వదిలిపెట్టింది. పైపైన గీకాను. గ్లాసు ఎత్తి చూసి ఒకాయన, ఇంత స్వచ్ఛమైన రుచి తన జన్మలో ఎరగనన్నాడు. నేను అడ్డు చెప్పలేదు.

బావతో ఏదో మాట్లాడాలన్నావు. ఆయన నీలం టార్పాలిన్ నా దగ్గరే ఉండిపోయిన మాట నిజం. అదేనా? ఈసారి పోస్టులో పంపిస్తాను.

కేకులు పాడవలేదనుకుంటాను.

ఎనోక్


సెర్మియాక్,
20 జూలై

ఎనోక్‌కి,

టార్పాలిన్ నువ్వే ఉంచుకో. మొహం మీద కప్పుకోవడానికి పనికొస్తుంది.

పదో తారీకున ఊరంతా చర్చి గుట్ట మీద నిలబడ్డాం. పూసల కాలర్లు వేసుకుని, సీల్ తోలు బూట్లు తొడుక్కుని, పెళ్ళికొచ్చినట్టు. మీ ఓడ వచ్చింది. ఆగింది. తిరిగింది. వెళ్ళింది. నేను ఇంటికొచ్చి నా వంటింటి కిటికీలోంచి కూడా చూశాను, గుట్ట మీంచి తప్పు కనపడిందేమోనని. ఆ కిటికీలోంచి ఫియర్డ్ మూతి దాకా కనపడుతుంది, నువ్వు దాని కిందే పెరిగావు. నీళ్ళు, ఎనోక్. అటు కొండ నుంచి ఇటు కొండ దాకా నీళ్ళు. రెండు మంచుకొండలున్నాయి. రెండూ పక్కకి తప్పుకుని మర్యాదగా నిలబడ్డాయి. యాకోబ్ ముసలాయన నమ్మలేక తెడ్డు పడవ వేసుకుని బయటిదాకా వెళ్ళి, మీ ఓడ వెనక భాగం చూసి తిరిగొచ్చాడు. ఆయనకి ఎనభై రెండేళ్ళు. ఉన్నది ఒక కన్ను. ఆయన తెడ్డుకి మంచుముక్క ఒకటీ తగల్లేదు.

పద్నాలుగు కేకులూ నాలుగు రోజులు తిన్నాం. మిగిలింది కుక్కలకేశాం. ఇప్పుడు ఎండు చేప వేస్తే అవి చేప వైపు చూడవు, నా మొహం వైపు చూస్తాయి.

ఇక విను. మా ఆయన పచ్చ పడవ మంచులో నలిగిపోయిన రోజు చుక్కాని ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. పన్నెండేళ్ళ నుంచీ తెలుసు. మా ఆయన ఆ వారమే చెప్పాడు. ఊళ్ళో చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. “వాడే చెప్తాడులే అబెలోన్. నాకేం తొందర లేదు” అన్నాడు. తొందర లేని మనిషి జనవరిలో పోయాడు.

నువ్వు ఫ్యాక్టరీకి పోయావు. ఆయన ఇక్కడే ఉన్నాడు. తోబియాస్ ఆగమంటే బయల్దేరాలి, బయల్దేరమంటే ఆగాలి అని పిల్లలు కూడా పాడుకున్నారు. ఆయన్ని ఎవరూ వేటకి తోడు తీసుకెళ్ళలేదు. మంచులో బొక్క కొట్టుకుని ఒక్కడే గాలం వేసుకున్నాడు, బడి ఊడ్చాడు. మంచు చదవడం రాని మనిషి అనిపించుకునే పోయాడు. నువ్వేమో మంచు చదువుతావని జీతం తీసుకుంటున్నావు. నీ చెవితో ఫోటో తీసుకున్నావిడ దాని వెనకాల ఏం రాసుకుందో.

ఆగస్టు పదిహేను, ఆదివారం, బాప్తిస్మం. మధ్యాహ్నం రెండింటికి మా ఇంట్లో కాఫీ. మీ ఓడ కాగితం చూశాను, ఆ రోజే మళ్ళీ మన ఫియర్డ్‌కి వస్తోంది. నువ్వొచ్చి అందరి ముందూ మీ బావకి చెప్పు. లేకపోతే పేరుతో పాటు వచ్చిన చుట్టరికాల్లో నీది నేను తెంపేస్తాను. మా ఆయనకి బావమరిది లేడని చెప్పి పెంచుతాను. మంచు నెపం మళ్ళీ చెప్పకు. ఈసారి యాకోబ్‌ని పొద్దున్నే పడవెక్కిస్తాను.

అక్క


ఇలులిస్సాత్ రేవు,
3 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

ఓడలో నిన్న ఉపన్యాసం పెట్టారు. గడ్డం కుర్రాడొకడు తెర మీద బొమ్మలు చూపిస్తూ మన గురించి చెప్పాడు. మనం మంచుతో సామరస్యంగా బతికే జాతట. తర్వాత తెర మీద మన యాకోబ్ కనపడ్డాడు. ప్రాచీన వేటగాడి ప్రశాంతత చూడండి అన్నాడు. ఆ ఫోటోలో యాకోబ్ పంటినొప్పితో కూర్చున్నాడక్కా, ఆ వాచిన చెంప నాకు తెలుసు. అందరూ నవ్వాల్సిన చోట నేనొక్కణ్ణే నవ్వాను. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూపించి, ఇదిగో ఈయన రక్తంలోనే ఆ విద్య ఉంది అన్నాడు. తొంభైమంది తిరిగి చూశారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నిజం రాస్తున్నాను. ఎనభై ఏడు సెప్టెంబర్. పలకల మధ్య సందు కనపడింది. బావ నీటి పోటు తిరిగేదాకా ఆగుదామన్నాడు, ఆ సందు మూసుకుపోతుందన్నాడు. నేను ఆయన్ని ముసలమ్మ అన్నాను. చుక్కాని తీసుకుని సందులోకి దూర్చాను. సగం వెళ్ళాక అది మూసుకుంది. పడవ బిస్కెట్టులాగా నలిగింది. ఇద్దరం ఒక పలక మీద నాలుగు గంటలు నిలబడ్డాం. ఆ నాలుగు గంటల్లో బావ నన్ను ఒక్క మాటనలేదు, తన చేతి తొడుగుల్లో ఒకటి తీసి నాకిచ్చాడు. మమ్మల్ని ఎక్కించుకోవడానికొచ్చిన యాకోబ్ ఎవరు నడిపారని అడిగాడు. పడవ ఎవరిదో అతన్నే అడగండి అన్నాను. అబద్ధం చెప్పలేదని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. బావ నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అప్పుడే నన్నొక తన్ను తన్నుంటే ఈపాటికి అందరం హాయిగా ఉండేవాళ్ళం.

జూలై పదిన మంచు లేదు. నీ కిటికీ కరెక్టే. గుట్ట మీద చిన్న చిన్న మనుషులు కనపడ్డారు. వాళ్ళ మధ్యలోకి వెళ్ళి చెప్పాలంటే నా కాళ్ళు రాలేదు. తల అడ్డంగా ఊపడం తేలిక.

ఇదిగో, రాసేశాను. నువ్వు చదివి వాళ్ళకి చెప్పెయ్యకూడదా?

ఎనోక్


సెర్మియాక్,
8 ఆగస్టు

ఎనోక్‌కి,

చెప్పను. పడవ నాది కాదు, చుక్కాని నేను పట్టుకోలేదు.

నీ ఉత్తరం మీ బావ చేతికిచ్చాను. ఒక మూల నమిలాడు. కాగితం ఆయనకి సరిపోలేదు.

పదిహేను. రెండింటికి.

అక్క


ఓడ మీద, ఫియర్డ్ బయట,
15 ఆగస్టు, సాయంత్రం

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు చింపెయ్యకుండా చివరిదాకా చదవాలి.

పొద్దున కొత్త చొక్కా తొడుక్కున్నాను. చెప్పాల్సింది అద్దం ముందు అయిదుసార్లు చెప్పుకున్నాను. పసుపు కోట్లవాళ్ళకి ఎవరి ఇంట్లో ఏం ముట్టుకోకూడదో బిర్గిట్టె చెబుతోంది. పదకొండింటి దాకా ఎండే. మలుపు తిరిగేసరికి మంచునది మీంచి చలిగాలి తోసుకొచ్చింది. దాని వెనకే పొగమంచు. ఓడ ముందు భాగం నాకు కనపడలేదు. కాసేపటికి ఆ మంచునది ముక్క ఒకటి విరిగిందేమో, పిడుగు పడ్డట్టు చప్పుడైంది. తర్వాత ఫియర్డ్ లోపలి మంచంతా మా మీదికి నడిచొచ్చింది. పలకలు ఓడ పక్కని రాసుకుంటుంటే గిన్నెలు తోమినట్టుంది. బిర్గిట్టె మైకు తీసి అదృష్టం అనబోయి ఆగిపోయింది.

పలకల మధ్య ఒక సందు ఉందక్కా. కనపడీ కనపడకుండా. ఒట్టు, అచ్చం అలాంటిదే.

కాప్టెన్ నా వైపు చూశాడు. గడియారం ఒంటిగంటా నలభై. పోదామంటే పోయేవాడు, నేనంటే ఆయనకి అంత గురి. పోదామనే అనిపించింది. ఆగిపోతే నువ్వేమనుకుంటావో తెలుసు. ఊరేమనుకుంటుందో తెలుసు. ఆ సందు వైపు చూశాను. ఆగుదామన్న మాట చెవిలో వినపడింది. మంచు గొంతు కాదు, బావ గొంతు. తల అడ్డంగా ఊపాను.

ఓడ తిరిగింది. మా వెనక సందు మూసుకుంది. కాప్టెన్ చూశాడు. నువ్వు చూడలేదు, నాకు సాక్ష్యం ఆ నార్వే కాప్టెన్ ఒక్కడే.

తర్వాత చుక్కాని గదిలో గోడకున్న వైర్‌లెస్ తీసుకుని మన ఊరి చానెల్ తిప్పాను. సరిగ్గా రెండింటికి మాట్లాడాను. అద్దం ముందు నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. కాప్టెన్‌కి మన భాష రాదు. ఇంతసేపు ఏం చెప్పావు, వాతావరణమా అని అడిగాడు. అవును, పన్నెండేళ్ళ నాటిది అన్నాను.

చివర్లో అటునుంచి ఏదో చప్పుడొచ్చింది. కుక్కో, మనిషో, సెట్టు పాడైందో తెలియలేదు. తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ పిలవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఎవరైనా విన్నారా అక్కా? ఎవరూ వినకపోతే చెప్పు, ఇంకోసారి చెబుతాను.

నీ తమ్ముడు,
ఎనోక్


సెర్మియాక్,
19 ఆగస్టు

ఒరేయ్ ఎనోక్,

విన్నాం.

ఇంట్లో నలభైమంది ఉన్నారు. కుర్చీలు చాలక పాస్టర్‌గారు బొగ్గుపెట్టె మీద కూర్చున్నారు. నువ్వు మాత్రం లేవు. రెండయింది. కాఫీ కెటిల్ నా చేతిలో ఉంది. ఇక రావనుకుని నేను నీకు మనసులో చెప్పాల్సినవన్నీ చెబుతున్నాను, అవి ఇక్కడ రాయను. అప్పుడు గోడ మీద సెట్టు గరగరలాడింది.

“సెర్మియాక్‌లో అందరికీ. నేను ఎనోక్‌ని. బావా, వింటున్నావా. ఆ పడవ నడిపింది నేను. నువ్వు ఆగమన్నావు. నేను నిన్ను ముసలమ్మ అన్నాను. తర్వాత పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాను. మంచు చదవడం నీకొచ్చు బావా. నాకే రాదు. ఇవాళ నువ్వు ఆగమన్నావు, ఆగాను. నేను రావట్లేదు. మంచు ఉంది, నిజంగానే ఉంది. ఓవర్.”

ఆ ఓవర్ అనడం ఎక్కడ నేర్చుకున్నావో గానీ, అది వినగానే కేకు నోట్లో ఉన్నవాళ్ళు నమలడం మానేశారు. తోబియాస్ పాట పాడుకున్న పిల్లలు ఇప్పుడు తండ్రులయ్యారు, వాళ్ళు తమ బూట్లు చూసుకున్నారు. నేను కెటిల్ పొయ్యి మీద పెట్టేశాను.

పిలుపు వచ్చాక బదులివ్వాలి కదా. యాకోబ్ లేచాడు. ఊళ్ళో మా ఆయన్ని అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఆయనే. సెవెరిన్ ఒళ్ళోంచి మా ఆయన్ని ఎత్తుకుని, సెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, మీట నొక్కి నోటి దగ్గర పెట్టాడు. నీ బావ సెట్టు వంక చూశాడు. అప్పుడే పాలు తాగాడు. గట్టిగా తేన్చాడు.

నువ్వు విన్న చప్పుడు అది. కుక్క కాదు. ఇక దాన్ని ఎలా అర్థం చేసుకుంటావో నీ ఇష్టం. క్షమించాడని పాస్టర్‌గారన్నారు. అరిగించుకున్నాడని యాకోబ్ అన్నాడు. తర్వాత యాకోబ్ మా ఆయన చెవి దగ్గరికి వంగి, “అయితే ఆ రోజు నువ్వు చెప్పినట్టు ఆగాల్సిందన్నమాట” అన్నాడు. ఆ ఒక్క కంట్లోంచీ నీళ్ళొచ్చాయి. మా ఆయన యాకోబ్ ముక్కు పట్టుకుని వదల్లేదు.

వచ్చే చలికాలం చేపలకి ఎటువైపు బొక్క కొట్టాలో ఇక తోబియాస్‌నే అడగాలని మగవాళ్ళు తీర్మానించారు. నాలుగేళ్ళు ఆగమన్నాను.

నీ వాటా కేకు దాచాను. ఇప్పటికే అది బాగా గట్టిపడింది, అక్టోబర్‌లో ఓడ ఆగిపోయాక నువ్వొచ్చేసరికి దాంతో పడవకి లంగరు వెయ్యొచ్చు. వచ్చి తినాలి, మొత్తం. హెలికాప్టర్ ఎగరలేదని మాత్రం రాయకు.

ఇంకొకటి. నువ్వు మంచు ఉందన్నావు కదా, నీకు బదులు వెళ్ళాక నలభైమందీ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నా వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తారు, ఉందో లేదో చూడటానికి. ఏం కనపడిందో వాళ్ళనే అడుగు.

నేను వెళ్ళలేదు. అందరికీ కాఫీ పోశాను.

అక్క